హద్దులను తెలిపే ఆంగ్ల పదాలు

ఆంగ్ల భాషలో హద్దు, ఎల్ల, పరిమితి, అంచు, గడువు అనే అర్థాలనిచ్చే పదాలు అనేకం ఉన్నవి. లిమిట్, బౌండరీ, బార్డర్, ఎడ్జ్, బౌండ్స్, వెర్జ్, సీలింగ్, డెడ్‌లైన్ వీటిలో ముఖ్యమైనవి. ఈ పదాల అర్థం తెలిసినంత మాత్రాన వాటిని వాడడం వచ్చినట్లు కాదు. ఒక్కొక్క పదానికి తనతో పొసగే క్రియలు కొన్ని, తనకు ముందో వెనుకో వచ్చే ప్రిపోజిషన్లు కొన్ని ఉంటాయి. ప్రిపోజిషన్ మారితే అర్థం మారుతుంది. ఒక్కొక్కసారి అర్థం పూర్తిగా తలక్రిందులవుతుంది.

తెలుగులో ఈ పనిని నామవాచకం చివర చేరే విభక్తి ప్రత్యయాలు, లోపల, వెలుపల, వరకు, దాటి, మించి వంటి పదాలు చేస్తాయి. ఆంగ్లంలో ఇవి నామవాచకానికి ముందు వస్తాయి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులకు ఈ తేడా వలన చిక్కులు ఎదురవుతాయి. ప్రభుత్వ ఉత్తర్వులు, చట్టాలు, భూమి కాగితాలు చదువుకోవలసినవారికి ఇది మార్కుల సమస్య మాత్రమే కాదు. ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో రాష్ట్రపు ఎల్ల, అడవి హద్దు, ఏజెన్సీ పరిధి, సాగు భూమి పరిమితి, గోదావరి వరద మట్టం అన్నీ ఇటువంటి పదాలతోనే నిర్ణయింపబడినవి. అందుచేత ఈ వ్యాసంలో ఉదాహరణలను ఎక్కువగా ఆ ప్రాంతం నుండి తీసుకొనడమైనది.

పదాల పుట్టుక

లిమిట్ అనే పదానికి మూలం లాటిన్ భాషలోని లిమెస్. పొలాల మధ్య దారి, గట్టు అని దీని అర్థం. తరువాత రోమన్ సామ్రాజ్యపు సరిహద్దును కూడా ఇదే పేరుతో పిలిచారు. కన్‌ఫైన్, డిఫైన్ అనే పదాలలో ఉన్నది లాటిన్ ఫీనిస్. దీనికి చివర, హద్దు అని అర్థం. ఒక పదాన్ని నిర్వచించడమంటే దాని అర్థానికి హద్దులు గీయడమే. బార్డర్ ఫ్రెంచి నుండి వచ్చినది. వస్త్రపు అంచును కూడా ఆ పదమే తెలుపుతుంది. చీర అంచును మనవారు బార్డర్ అనడం ఇందుకు తగినట్లే ఉన్నది.

డెడ్‌లైన్ అమెరికా అంతర్యుద్ధ కాలంలో వాడుకలోకి వచ్చిన పదం. జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో 1864లో ఒక గీత ఉండేది. ఆ గీత దాటిన ఖైదీని కాల్చివేసేవారు. అదే పదం తరువాత పత్రికా కార్యాలయాలలో వార్త అందవలసిన గడువుకు పేరైనది.

తెలుగులో హద్దు పదాలు

తెలుగులోనూ ఇటువంటి పదాలకు కొరత లేదు. వాటి మూలాలు వేరు వేరు.

- ఎల్ల, మేర, పొలిమేర, అంచు, గట్టు: ఇవి తెలుగు పదాలు. గట్టును తెలంగాణలో గెట్టు అని, పొలాల మధ్య తగాదాను గెట్టు తగాదా అని అంటారు.
- హద్దు, సరిహద్దు: ఇవి అరబ్బీ, పారశీకాల నుండి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చినవి.
- సీమ, అవధి, పరిమితి, పరిధి: ఇవి సంస్కృత పదాలు.
- శివారు: తెలంగాణ భూ రికార్డులలో ఒక గ్రామానికి చెందిన మొత్తం నేలను, వాడుకలో ఊరి చివరి భాగాన్ని ఈ పదం తెలుపుతుంది.
- చెక్కుబంది: దస్తావేజులలో భూమికి నాలుగు దిక్కుల హద్దులను తెలిపే భాగం.

ఇవి కూడా తమకు నచ్చిన క్రియలతోనే కలుస్తాయి. హద్దు మీరుతాము, గీత దాటుతాము, గడువు పెంచుతాము. గడువు మీరిపోతుంది. పొలిమేర దాటుతాము గాని పొలిమేర మీరుతాము అనము. నిరవధిక సమ్మె అంటాము గాని నిర్హద్దు సమ్మె అనము. ఏ పదం దేనితో కలుస్తుందో మాతృభాషలో ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది. పరాయి భాషలో దానిని ప్రత్యేకంగా నేర్చుకోవలసి ఉంటుంది.

తరువాత వచ్చే ప్రిపోజిషన్లు

లిమిట్ అనే నామవాచకం తరువాత ముఖ్యంగా మూడు ప్రిపోజిషన్లు వస్తాయి.

- "లిమిట్ టు": ఒక గుణానికి లేదా స్థితికి అంతం ఉన్నదని చెప్పేటపుడు. "దేర్ ఈజ్ ఎ లిమిట్ టు పేషెన్స్" అనగా ఓర్పుకు ఒక హద్దు ఉన్నది. తెలుగులోని 'కు' ప్రత్యయానికి ఇది దగ్గరగా ఉంటుంది.
- "లిమిట్ ఆన్": బయటి నుండి ఎవరో ఒక నియంత్రణ విధించినపుడు. "ఎ లిమిట్ ఆన్ ఎలక్షన్ ఎక్స్‌పెండిచర్" అనగా ఎన్నికల ఖర్చుపై పరిమితి. ఇక్కడ తెలుగులో 'పై' లేదా 'మీద' వస్తుంది.
- "లిమిట్ ఆఫ్": పరిమితి ఎంతో అంకెలో చెప్పేటపుడు. "ఎ లిమిట్ ఆఫ్ ఫోర్ హెక్టార్స్" అనగా నాలుగు హెక్టార్ల పరిమితి. ఏదైనా విషయం ఎంతవరకు పోగలదో చెప్పేటపుడు కూడా ఇదే వస్తుంది. "ది లిమిట్స్ ఆఫ్ సైన్స్" అనగా విజ్ఞానశాస్త్రపు హద్దులు.

బౌండరీ తరువాత రెండు వస్తువులు చెప్పవలసి ఉంటే "బిట్వీన్" వస్తుంది. "ది బౌండరీ బిట్వీన్ ది ఫారెస్ట్ అండ్ ది విలేజ్" అనగా అడవికి, ఊరికి మధ్య హద్దు. ఒకే వస్తువు గురించి చెప్పేటపుడు "ఆఫ్" వస్తుంది. బార్డర్ తరువాత పొరుగు దేశమో రాష్ట్రమో వస్తే "విత్" వాడుతారు. "తెలంగాణాస్ బార్డర్ విత్ ఛత్తీస్‌గఢ్" అనడం సరియైనది.

ఎడ్జ్, వెర్జ్, బ్రింక్ అనే మూడు పదాల తరువాత సాధారణంగా "ఆఫ్" వస్తుంది. మొదటిది చూడగలిగిన అంచును తెలుపుతుంది. తక్కిన రెండూ ఎక్కువగా జరగబోయే సంఘటనకు వాడబడుతున్నవి. "ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ది ఫారెస్ట్" అనగా అడవి అంచున. "ఆన్ ది బ్రింక్ ఆఫ్ స్టార్వేషన్" అనగా ఆకలిచావు అంచున. తెలుగులో రెండు చోట్లా అంచు అనే పదమే సరిపోయింది. ఆంగ్లంలో బ్రింక్ తరువాత ఎక్కువగా ఆపద వస్తుంది. వెర్జ్ తరువాత మంచి గాని చెడు గాని రావచ్చును.

ముందు వచ్చే ప్రిపోజిషన్లు

హద్దుకు ఏ వైపున ఉన్నామో తెలిపేది పదానికి ముందు వచ్చే ప్రిపోజిషన్.

- "వితిన్ లిమిట్స్": హద్దులకు లోబడి.
- "బియాండ్ ది లిమిట్": హద్దుకు ఆవల.
- "ఓవర్ ది లిమిట్": అంకెలో చెప్పిన పరిమితికి మించి. వేగానికి, బరువుకు ఇది వాడుతారు.
- "అప్ టు ది లిమిట్": పరిమితి వరకు, ఆ పరిమితితో సహా.
- "ఎట్ ది లిమిట్": సరిగా హద్దు దగ్గర.
- "వితౌట్ లిమిట్": హద్దు లేకుండా. ఇక్కడ ముందు "ది" రాదు.
- "ఆఫ్ లిమిట్స్", "ఔట్ ఆఫ్ బౌండ్స్": ప్రవేశం నిషిద్ధం. మొదటిది అమెరికాలోను, రెండవది బ్రిటన్‌లోను ఎక్కువగా వినబడును.

చివరి రెండింటిలో లిమిట్స్, బౌండ్స్ ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి. అట్లే "హర్ జాయ్ న్యూ నో బౌండ్స్" అనే వాక్యంలోనూ బహువచనమే. ఆమె ఆనందానికి హద్దులు లేవు అని తెలుగులోనూ బహువచనమే వాడుతాము.

ఏకవచన, బహువచనాల వలన లిమిట్ అర్థంలో కొంత తేడా వస్తుంది. ఏకవచనం తరచుగా ఒక అంకెను, బహువచనం ఒక ప్రదేశాన్ని సూచిస్తుంది. "వితిన్ ది లిమిట్స్ ఆఫ్ ది విలేజ్" అనే మాటను ఖమ్మం ప్రాంతంలో గ్రామ శివారులో అని చెబుతారు. వార్తాపత్రికలలో కనిపించే "పోలీస్‌స్టేషన్ పరిధిలో" అనే ప్రయోగం కూడా ఇటువంటిదే. హద్దు అంటే గీత, పరిధి అంటే ఆ గీత లోపలి చోటు.

హద్దు పదాలతో కలిసే క్రియలు

హద్దును ఏర్పరచడం, దానిని చేరడం, పాటించడం, దాటడం, తొలగించడం అనే అయిదు పనులకు ఆంగ్లంలో వేరు వేరు క్రియలు ఉన్నవి.

- ఏర్పరచడం: సెట్, ఫిక్స్, ఇంపోజ్. లిమిట్‌తో ఈ మూడూ కలుస్తాయి. బౌండరీతో డ్రా, మార్క్ కలుస్తాయి. బౌండరీని "ఇంపోజ్" చేయడం అరుదు.
- చేరడం: రీచ్, టచ్.
- పాటించడం: అబ్జర్వ్, రెస్పెక్ట్, స్టే వితిన్. గడువు విషయంలో "మీట్ ది డెడ్‌లైన్" అంటారు.
- దాటడం: క్రాస్, ఎక్సీడ్, ఓవర్‌స్టెప్. బార్డర్‌ను క్రాస్ చేస్తారు. లిమిట్‌ను ఎక్సీడ్ చేస్తారు. గడువు తప్పితే "మిస్ ది డెడ్‌లైన్" అంటారు.
- మార్చడం, తొలగించడం: రైజ్, లిఫ్ట్, రిమూవ్. గడువు విషయంలో ఎక్స్‌టెండ్.

వీటిలో ఎక్సీడ్, రీచ్, క్రాస్ అనే క్రియల తరువాత ఈ అర్థంలో ప్రిపోజిషన్ రాదు. తెలుగులో "పరిమితికి చేరినది", "పరిమితికి మించినది" అంటాము కనుక విద్యార్థులు "రీచ్ టు ది లిమిట్", "ఎక్సీడ్ ఓవర్ ది లిమిట్" అని వ్రాస్తూ ఉంటారు. ఇవి దోషాలు. తెలుగులోని 'కు' ప్రత్యయం ఆంగ్ల క్రియలోనే ఇమిడి ఉన్నదని గుర్తుంచుకొనవలెను.

హద్దు పదమే క్రియ అయినపుడు

లిమిట్, రెస్ట్రిక్ట్, కన్‌ఫైన్ అనే క్రియల తరువాత "టు" వస్తుంది. ఇంతకే పరిమితం చేయడం అని అర్థం. అయితే "లిమిటెడ్ టు", "లిమిటెడ్ బై" ఒకటి కావు. మొదటిది ఎంతవరకో చెబుతుంది. రెండవది ఏది అడ్డుపడుతున్నదో చెబుతుంది. "సాగు ఒక పంటకే పరిమితమైనది" అనేదానికి "టు" వస్తుంది. "నీటి కొరత వలన సాగు పరిమితమైనది" అనేదానికి "బై" వస్తుంది.

బార్డర్ క్రియగా ఉన్నపుడు ప్రదేశాల విషయంలో ప్రిపోజిషన్ లేకుండా కూడా వాడవచ్చును. చర్ల మండలం ఛత్తీస్‌గఢ్‌ను ఆనుకొని ఉన్నదని చెప్పడానికి "బార్డర్స్ ఛత్తీస్‌గఢ్" అన్నా, "బార్డర్స్ ఆన్ ఛత్తీస్‌గఢ్" అన్నా చెల్లుతుంది. గుణాల విషయంలో మాత్రం "ఆన్" తప్పనిసరి. ధైర్యం మొండితనానికి దగ్గరగా వచ్చినదని చెప్పేటపుడు "ఆన్" లేకుండా వ్రాయరాదు.

బౌండ్ అనే రూపం విద్యార్థులను తికమక పెడుతుంది. ఇది చూడడానికి ఒకటే గాని మూలాలు మూడు.

- "బౌండెడ్ ఆన్ ది నార్త్ బై": ఉత్తరాన ఫలానాది హద్దుగా గలది. ఇది హద్దు అనే అర్థం గల పదం నుండి వచ్చినది. దస్తావేజులలోని చెక్కుబందికి ఇదే ఆంగ్ల రూపం.
- "బౌండ్ బై", "బౌండ్ టు": కట్టుబడి ఉన్న, తప్పక జరిగే. ఇది కట్టు అనే అర్థం గల బైండ్ నుండి వచ్చినది.
- "బౌండ్ ఫర్": ఫలానా ఊరికి పోవుచున్న. ఇది సిద్ధమైన అనే అర్థం గల పాత నార్స్ పదం నుండి వచ్చినది.

అంకెల హద్దులు: గోదావరి నీటిమట్టం

భద్రాచలం వద్ద గోదావరి వరద హెచ్చరికలకు మూడు మట్టాలు నిర్ణయింపబడినవి. 43 అడుగుల వద్ద మొదటి హెచ్చరిక, 48 అడుగుల వద్ద రెండవ హెచ్చరిక, 53 అడుగుల వద్ద మూడవ హెచ్చరిక జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది.

వర్షాకాలపు వార్తలలో ఈ అంకెల చుట్టూ తిరిగే క్రియలను గమనిస్తే హద్దు పదాల స్వభావం బాగా తెలుస్తుంది. నీరు 43 అడుగులకు చేరినపుడు "రీచ్డ్" అంటారు. ఆ మట్టాన్ని మించినపుడు "క్రాస్డ్" లేదా "ఎక్సీడెడ్" అంటారు. మట్టం కంటే కిందికి తగ్గినపుడు "ఫెల్ బిలో" అంటారు. రీచ్ అనే క్రియ హద్దును తాకడంతో పూర్తవుతుంది. క్రాస్ అనే క్రియకు హద్దు ఆవల కొంత ఉండవలెను. పల్లపు కాలనీలవారికి ఈ తేడా ముఖ్యమైనది.

హద్దు అంకె లెక్కలోకి వస్తుందా రాదా అనేది కూడా పదాన్ని బట్టి ఉంటుంది.

- "అప్ టు ఫోర్", "నాట్ ఎక్సీడింగ్ ఫోర్", "నాట్ మోర్ దేన్ ఫోర్": నాలుగు కూడా చేరును.
- "బిలో ఫోర్", "లెస్ దేన్ ఫోర్": నాలుగు చేరదు.
- "ఎట్ లీస్ట్ ఫోర్", "నాట్ లెస్ దేన్ ఫోర్": నాలుగు చేరును. ఇది కింది హద్దు.
- "మోర్ దేన్ ఫోర్", "ఎబవ్ ఫోర్": నాలుగు చేరదు.

భూమి హద్దులు: అటవీ హక్కుల చట్టం

అడవిలో పోడు వ్యవసాయం చేసుకొనే కోయ, కొండరెడ్డి మొదలైన గిరిజనుల హక్కులను గుర్తించడానికి 2006లో అటవీ హక్కుల చట్టం చేయబడినది. ఆ చట్టంలోని ముఖ్యమైన షరతులన్నీ హద్దు పదాలతో కూడినవే.

మొదటిది తేదీ హద్దు. 2005 డిసెంబరు 13కు ముందు నుండి భూమి స్వాధీనంలో ఉండవలెను. ఇక్కడ ఆంగ్లంలో "బిఫోర్" ఉన్నది. డిసెంబరు 13న మొదలైన సాగు ఇందులోకి రాదు. "ఆన్ ఆర్ బిఫోర్" అని ఉండి ఉంటే వచ్చేది.

రెండవది విస్తీర్ణపు హద్దు. గుర్తించే భూమి వాస్తవంగా స్వాధీనంలో ఉన్నంతకే పరిమితమని, ఏ పరిస్థితిలోను 4 హెక్టార్లకు మించరాదని చట్టం చెబుతున్నది. 4 హెక్టార్లు అనగా దాదాపు 9.88 ఎకరాలు. ఇందులో రెండు హద్దులు ఉన్నవి. "రెస్ట్రిక్టెడ్ టు" అనేది స్వాధీనానికి ముడిపడినది. "ఎక్సీడ్" అనేది అంకెకు ముడిపడినది. రెండింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. రెండు ఎకరాలు సాగు చేసుకొంటున్న కుటుంబానికి రెండు ఎకరాలకే పట్టా వస్తుంది. ప్రతి కుటుంబానికి నాలుగు హెక్టార్లు ఇస్తారని అనుకొనడం రెండవ హద్దును మాత్రమే చదవడం వలన కలిగే పొరపాటు.

మూడవది కింది హద్దు. షెడ్యూల్డు తెగలకు చెందని ఇతర సంప్రదాయ అటవీ నివాసులు ఆ తేదీకి ముందు కనీసం మూడు తరాలుగా అడవిలో నివసించి ఉండవలెను. ఒక తరమనగా 25 సంవత్సరాలు. ఇక్కడ "ఎట్ లీస్ట్" అనే రెండు చిన్న పదాలు 75 సంవత్సరాల నివాసానికి ఆధారం చూపమని కోరుతున్నవి.

షెడ్యూల్డు ప్రాంతపు భూములకు మరొక చట్టం కూడా ఉన్నది. 1959లో చేసి 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధనను వాడుకలో 1/70 చట్టం అంటారు. ఏజెన్సీలో ఉన్న స్థిరాస్తిని గిరిజనులకు గాని, గిరిజనులు మాత్రమే సభ్యులుగా గల సహకార సంఘానికి గాని తప్ప బదలాయించడం చెల్లదని దాని సారాంశం. 'తప్ప' అనే తెలుగు పదానికి అక్కడ ఉన్న ఆంగ్ల పదం "అన్‌లెస్". భూమి ఏజెన్సీ హద్దుకు లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా అనే ప్రశ్నపైననే ఆ చట్టం వర్తించడం ఆధారపడును.

కాలపు హద్దులు

గడువును తెలిపే ప్రిపోజిషన్లలో నాలుగింటిని వేరు చేసి తెలుసుకొనవలెను.

- "బై మార్చ్ 31": మార్చి 31 లోపు ఒక పని పూర్తి కావలెను. 31వ తేదీన పూర్తయినా చెల్లును.
- "టిల్ మార్చ్ 31": మార్చి 31 వరకు ఒక పని కొనసాగును.
- "వితిన్ టెన్ డేస్": పది రోజుల లోపల ఎప్పుడైనా.
- "ఇన్ టెన్ డేస్": తరచుగా, పది రోజులు గడచిన తరువాత.

అప్లికేషన్ ఇవ్వవలసినది "బై" తో చెబుతారు. ఆఫీసు తెరచి ఉండేది "టిల్" తో చెబుతారు. తెలుగులో రెండింటికీ 'వరకు' అనడం అలవాటు కనుక విద్యార్థులు "సబ్మిట్ టిల్ మార్చ్ 31" అని వ్రాస్తారు. లోపు, వరకు అనే రెండు పదాలను తెలుగులోనే వేరు చేసుకొంటే ఈ దోషం రాదు.

"ఫ్రమ్" అనే పదం విషయంలో చట్టమే ఒక నియమం చెప్పినది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, కేంద్ర చట్టాలలో "ఫ్రమ్" అని వాడితే మొదటి రోజు లెక్కలోకి రాదు. "టు" అని వాడితే చివరి రోజు లెక్కలోకి వస్తుంది. అదే చట్టం 10వ సెక్షన్ ప్రకారం, చివరి రోజున కార్యాలయం మూసి ఉంటే తిరిగి తెరచిన రోజున ఆ పని చేయవచ్చును.

ఇందుకు అటవీ హక్కుల చట్టం నుండే ఉదాహరణ చెప్పవచ్చును. గ్రామసభ తీర్మానంతో అన్యాయం జరిగినదని భావించినవారు తీర్మానం తేదీ నుండి 60 రోజుల లోపల సబ్ డివిజన్ స్థాయి కమిటీకి విన్నవించుకొనవచ్చును. తీర్మానం జూన్ 1న జరిగితే లెక్క జూన్ 2 నుండి మొదలవుతుంది. జూన్ నెలలో 29 రోజులు, జూలైలో 31 రోజులు కలిపి 60 అగును. కాబట్టి జూలై 31 చివరి రోజు.

రాష్ట్రపు ఎల్ల: మినహాయింపులో మినహాయింపు

భద్రాచలం ప్రాంతపు హద్దులు అనేక పర్యాయాలు మారినవి. హైదరాబాదు సంస్థానం, మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్న కాలంలో ఇక్కడ గోదావరియే ఎల్ల. కుడి ఒడ్డున బూర్గంపాడు సంస్థానంలోను, ఎడమ ఒడ్డున భద్రాచలం ప్రెసిడెన్సీలోను ఉండేవి. 1953లో వరంగల్లు జిల్లా నుండి ఖమ్మం జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాలోకి మారినవి.

2014లో రాష్ట్ర పునర్విభజన చట్టం తెలంగాణలో చేరే జిల్లాలను వరుసగా పేర్కొని, ఖమ్మం పేరు వద్ద "ఎక్స్‌క్లూడింగ్" అనే పదంతో కొన్ని గ్రామాలను మినహాయించినది. మొదట ఆ మినహాయింపు పోలవరం ముంపునకు సంబంధించి 2005లో వెలువడిన నీటిపారుదల శాఖ ఉత్తర్వును ఆధారం చేసుకొన్నది. 2014 మే నెలాఖరులో వచ్చిన ఆర్డినెన్సు, దాని స్థానంలో జూలైలో వచ్చిన సవరణ చట్టం మండలాల పేర్లనే చెప్పినవి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, భద్రాచలం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు అనేవి ఆ ఏడు మండలాలు.

అయితే వీటిలో రెండింటి వద్ద మినహాయింపులో మరొక మినహాయింపు ఉన్నది. భద్రాచలం మండలాన్ని మినహాయిస్తూ, అందులో నుండి భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని తిరిగి "ఎక్స్‌క్లూడింగ్" అన్నారు. బూర్గంపాడు మండలాన్ని మినహాయిస్తూ, అందులో నుండి బూర్గంపాడు, సారపాక, మోరంపల్లి బంజర, నాగినేనిప్రోలు, ఇరవెండి మొదలైన గ్రామాలను "ఎక్సెప్ట్" అన్నారు. రెండు వ్యతిరేకాలు కలిస్తే అనుకూలమగును. తెలంగాణ నుండి మినహాయించిన వాటిలో నుండి మినహాయించినది తెలంగాణలోనే ఉంటుంది. ఆ విధంగా భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచినది. దాని చుట్టూ ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు గ్రామ పంచాయతీలు ఆంధ్రప్రదేశ్‌కు చేరినవి.

ఈ వాక్యపు ఫలితాన్ని నేలమీద చూడవచ్చును. సీతారామచంద్రస్వామి ఆలయం తెలంగాణలో ఉండగా ఆలయ భూములు గల పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినది. భద్రాచలం నుండి దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే దారిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు తగులుతాయి. ఈ అయిదు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపవలెననే కోరిక అప్పటి నుండి వినబడుతూనే ఉన్నది. భద్రాచలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది.

ఇటువంటి వాక్యాలను చదివేటపుడు ఒక పద్ధతి ఉపయోగపడును. మొదట పెద్ద సమూహాన్ని ఒక వృత్తంగా గీయవలెను. మొదటి "ఎక్స్‌క్లూడింగ్" వద్ద లోపల మరొక వృత్తం గీసి దానిని చెరిపినట్లు గుర్తు పెట్టవలెను. దాని లోపలి "ఎక్సెప్ట్" వద్ద ఇంకొక చిన్న వృత్తం గీసి దానిని తిరిగి కలుపుకొనవలెను. లెక్కల పాఠంలోని కుండలీకరణాల వలె లోపలి నుండి బయటికి చదివితే అర్థం తేలికగా తెలుస్తుంది.

సాధారణ దోషాలు

తెలుగు విద్యార్థుల వ్రాతలలో తరచు కనిపించే దోషాలు, వాటి సవరణలు:

- "ఎక్సీడ్ ఓవర్ ది లిమిట్" కాదు, "ఎక్సీడ్ ది లిమిట్".
- "లిమిట్ ఫర్ పేషెన్స్" కాదు, "లిమిట్ టు పేషెన్స్".
- "లిమిటెడ్ అప్ టు ఫైవ్ స్టూడెంట్స్" కాదు, "లిమిటెడ్ టు ఫైవ్ స్టూడెంట్స్".
- "ఔట్ ఆఫ్ బౌండ్" కాదు, "ఔట్ ఆఫ్ బౌండ్స్".
- "బౌండరీ ఇన్ బిట్వీన్ టూ విలేజెస్" కాదు, "బౌండరీ బిట్వీన్ టూ విలేజెస్".
- "వితిన్ మండే" కాదు, "బై మండే". వితిన్ తరువాత కాల పరిమాణం రావలెను గాని రోజు పేరు రాదు.

ఈ దోషాలలో ఎక్కువ భాగం తెలుగు ప్రత్యయాన్ని ఉన్నదున్నట్లుగా ఆంగ్లంలోకి మార్చబోవడం వలన వచ్చినవే. పదాన్ని ఒంటరిగా కాక దాని క్రియతోను, ప్రిపోజిషన్‌తోను కలిపి ఒకే మాటగా నోటికి తెచ్చుకొనడం ఉత్తమమైన పద్ధతి. లిమిట్ అంటే పరిమితి అని వ్రాసుకొనే బదులు "సెట్ ఎ లిమిట్ ఆన్" అంటే ఫలానా దానిపై పరిమితి విధించు అని నోటుపుస్తకంలో వ్రాసుకొంటే వాక్యంలో తడబాటు ఉండదు. ప్రభుత్వ కాగితం చేతికి వచ్చినపుడు హద్దు పదం ఎక్కడ ఉన్నదో గుర్తించి, దానికి ముందూ వెనుకా ఉన్న చిన్న పదాలను రెండవసారి చదవడం అందరికీ మేలు.